అక్షరం ఎవరికి చేరాలి?
లినక్స్ తెరపై కీబోర్డు ధ్యాస: ఒక చారిత్రక పరిశీలన

రాత చరిత్ర చెప్పుకునేటప్పుడు తాటాకు, గంటం, అచ్చు అక్షరం, టైపురైటరు వరుసగా కళ్లముందు నిలుస్తాయి. ఈ సాధనాలన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. గంటం మొన ఎక్కడ ఆనితే అక్షరం అక్కడే పడుతుంది. టైపురైటరు మీట నొక్కితే ఎదురుగా ఉన్న కాగితం మీదే అచ్చు పడుతుంది. రాసే చేతికీ రాత పడే చోటుకూ మధ్య మరొకరి ప్రమేయం ఉండదు. తెర మీద నాలుగైదు విండోలు ఒకేసారి తెరుచుకునే కంప్యూటరుతో ఈ స్థితి మారింది. కీబోర్డు ఒక్కటే, దానికోసం కాచుకుని ఉండే విండోలు అనేకం. నొక్కిన మీట వాటిలో దేనికి చేరాలో ప్రతి క్షణం ఎవరో ఒకరు నిర్ణయించాలి.

మీటలు చేరే ఆ చోటును సాంకేతికులు ఫోకస్ అంటారు. ఈ వ్యాసంలో మేము దాన్ని ధ్యాస అని వ్యవహరిస్తాం. ధ్యాస ఉన్న విండోకే మీటలు చేరతాయి, మిగిలినవి తెర మీద కనిపిస్తూ ఉన్నా వినవు. లినక్స్ కంప్యూటర్ల మీద, అందులోనూ బ్రౌజర్లలో, ఈ ధ్యాస దారి తప్పడం వాడుకరులకు చిరకాలంగా తెలిసిన ఇబ్బంది. దాన్ని చిన్న లోపంగా తీసిపారేయడం పరిపాటి. రాసిన అక్షరం ఎవరికి చేరాలో నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న ఆ ఇబ్బందికి మూలమని మా అభిప్రాయం. గత నలభై ఏళ్లలో ఆ అధికారం ఏయే చేతులు మారిందో చూస్తే ఇబ్బందులు ఎందుకు పుట్టాయో, జనం వాటిని ఎట్లా తప్పించుకున్నారో బోధపడుతుంది. తెలుగు రాసేవారికి ఇందులో ప్రత్యేకంగా కలిగే నష్టాన్ని చివర ప్రస్తావిస్తాం.

విధానం చెప్పని వ్యవస్థ

అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1983లో అథీనా అనే పథకం మొదలైంది. విద్యార్థులందరికీ ఒకే తీరు కంప్యూటరు సౌకర్యం కల్పించడం దాని ఉద్దేశం. ఆ వాతావరణంలో 1984లో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్ విండో సిస్టమ్‌కు రూపమిచ్చారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డబ్ల్యూ అనే వ్యవస్థ దానికి పూర్వరూపం. అక్షరమాలలో డబ్ల్యూ తరువాతది ఎక్స్ కనుక ఆ పేరు. 1987లో వెలువడిన పదకొండో రూపమే తరువాతి కాలంలో యూనిక్స్ యంత్రాలన్నిటా పాతుకుపోయింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ ప్రారంభించాక అదే లినక్స్ తెరకూ ఆధారమైంది.

ఎక్స్ రూపకర్తలది ఒక స్పష్టమైన సిద్ధాంతం. పనిముట్లు సమకూర్చడం వరకే వ్యవస్థ బాధ్యత. వాటిని ఏ పద్ధతిలో వాడాలన్నది వ్యవస్థ శాసించకూడదు. దీని ఫలితంగా విండోలకు అంచులు గీసే పని, వాటిని కదిపే పని, ధ్యాస మార్చే పని విండో మేనేజరు అనే వేరే ప్రోగ్రాముకు అప్పగించారు. ఎవరికి నచ్చిన విండో మేనేజరును వారు తెచ్చుకోవచ్చు. ఈ స్వేచ్ఛ గొప్పదే. కాని ధ్యాస మార్చమని అడిగే హక్కు విండో మేనేజరుతోపాటు ప్రతి ప్రోగ్రాముకూ ఉంది. ఏ ప్రోగ్రామైనా ఒక్క ఆదేశంతో ధ్యాసను తన వైపు లాక్కోవచ్చు. అడ్డుకునే నియమం ఆ వ్యవస్థలో లేదు.

అప్పట్లో రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. మౌసు సూచిక ఏ విండో మీద ఉంటే ధ్యాస దానిదే అన్నది ఒకటి. క్లిక్ చేసిన విండోదే ధ్యాస అన్నది రెండోది. యూనిక్స్ వాడుకరుల్లో చాలామంది మొదటిదాన్ని ఇష్టపడ్డారు. వెనక ఉన్న విండోను పైకి తేకుండానే అందులో రాసుకోవచ్చన్నది దాని సుఖం. అయితే మోచెయ్యి తగిలి మౌసు అంగుళం జరిగితే రాస్తున్న వాక్యం సగం ఒక విండోలో, సగం మరొక విండోలో పడుతుంది. సూచిక ఖాళీ తెర మీదకు పోయినా పాత విండోకే ధ్యాస నిలిచే సడలించిన పద్ధతి తరువాత వాడుకలోకి వచ్చింది. ఇవన్నీ మొదటితరం తప్పించుకునే దారులు.

ప్రోగ్రాముల మధ్య మర్యాద నెలకొల్పడానికి డేవిడ్ రోసెంతాల్ ఎనభైల చివరలో ఐ.సి.సి.సి.ఎం. అనే నియమావళిని కూర్చారు. ధ్యాస విషయంలో అది ప్రోగ్రాములను నాలుగు తరగతులుగా విభజించింది. అసలు మీటలు అక్కరలేనివి, ఇస్తే పుచ్చుకునేవి, తమ విండోల మధ్య తామే మార్చుకునేవి, ఎప్పుడైనా తామే తీసుకునేవి. వర్గీకరణ చక్కనిది. కాని అది మర్యాద మాత్రమే, పాటించని ప్రోగ్రామును శిక్షించేవారు లేరు.

ధ్యాసకు తోడు చెర అనదగిన సౌకర్యం కూడా ఎక్స్‌లో ఉంది. ఒక ప్రోగ్రాము కీబోర్డు మొత్తాన్ని తాత్కాలికంగా తన అధీనంలోకి తీసుకోగలదు. మెనూ తెరిచినప్పుడు బ్రౌజర్లు చేసే పని ఇదే. బ్రౌజరులో ఒక మెనూ తెరిచి ఉంచి లేచిపోతే తెరకు తాళం పడకపోవడం ఎక్స్ వాడుకరులకు అనుభవమే. తాళం వేసే ప్రోగ్రాముకూ అదే చెర కావాలి, అది అప్పటికే మెనూ చేతిలో ఉంది. ఒక విండోకు చేరే మీటలను మరొక ప్రోగ్రాము చాటుగా వినగలగడం ఇంకొక బలహీనత. ఎక్స్‌టెర్మ్‌లో రహస్యపదం కొట్టేముందు కీబోర్డును భద్రపరచుకునే ప్రత్యేక మెనూ అంశం పెట్టడానికి కారణం అదే.

విండో లోపల మరొక లోకం

ఇంతవరకు ధ్యాస విండోల మధ్య సమస్య. బ్రౌజరు రాకతో అది విండో లోపలికి కూడా ప్రవేశించింది. 1992లో కేన్సస్ విశ్వవిద్యాలయంలో తయారైన లింక్స్ అనే బ్రౌజరు అక్షరాల తెర మీద, కేవలం మీటలతో నడిచేది. అందులో ఎప్పుడూ ఒక్క లంకె మాత్రమే వెలుగుతూ ఉంటుంది కనుక ధ్యాస ఎక్కడుందన్న సందేహమే లేదు. 1993లో ఎన్.సి.ఎస్.ఎ. సంస్థలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా రూపొందించిన మొజాయిక్ తొలుత ఎక్స్ మీదే వెలువడింది. అది మౌసు బ్రౌజరు. లంకెల మీద క్లిక్ చేయడం దాని ప్రధాన మార్గం.

అప్పటినుంచి ధ్యాస రెండంచెలయింది. బయటి అంచెలో విండో మేనేజరు బ్రౌజరు విండోకు ధ్యాస ఇస్తుంది. లోపలి అంచెలో బ్రౌజరు దాన్ని చిరునామా పట్టీకో, పేజీకో, పేజీలోని రాత పెట్టెకో పంచుతుంది. ఈ రెండో పంపకం విండో మేనేజరుకు తెలియదు. 1996లో నెట్‌స్కేప్ రెండో రూపంతో ఒకే విండోను ఫ్రేములుగా విడగొట్టే పద్ధతి వచ్చింది. ఒక ఫ్రేములో ధ్యాస ఉంటే రెండోదాన్ని బాణపు మీటలతో కదపలేం. ముందు దానిమీద క్లిక్ చేయాలి. కొత్త పాఠకుడికి బ్రౌజరు చెడిపోయినట్టే తోచేది.

అదే కాలంలో జావాస్క్రిప్ట్ ద్వారా పేజీ రాసినవారికి కూడా ధ్యాస మార్చే అధికారం దక్కింది. 1997 డిసెంబరులో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 4.0 ప్రమాణం ట్యాబ్ మీట ఏ వరుసలో నడవాలో నిర్దేశించే అవకాశాన్ని కల్పించింది. సదుద్దేశంతో వాడితే ఇవి మేలు చేసేవే. కాని ఒక ఉదాహరణ చూడండి. ఖాతాలోకి ప్రవేశించే పేజీ మెల్లగా తెరుచుకుంటోంది. పాఠకుడు పేరు రాసి, రహస్యపదం పెట్టెలోకి వెళ్లి కొట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పేజీ పూర్తిగా దిగి, స్క్రిప్టు ధ్యాసను మళ్లీ పేరు పెట్టెలోకి తెచ్చింది. రహస్యపదంలో మిగిలిన సగం చుక్కల చాటున దాగకుండా, పక్కనున్నవారందరికీ కనిపించేలా పేరు పెట్టెలో పడింది. పాఠకుడి తప్పు ఇందులో ఏమీ లేదు. అక్షరం చేరవలసిన చోటును అతని బదులు వేరొకరు నిర్ణయించారు.

ప్లగిన్ల చెర

ఈ కథలో అతి దీర్ఘమైన అధ్యాయం ఫ్లాష్‌ది. బొమ్మలు, పాటలు, ఆటలు చూపే ఫ్లాష్ బ్రౌజరులో ఇమిడి ఉన్నట్టు కనిపించినా అది వేరే ప్రోగ్రాము. లినక్స్‌లో పేజీ మధ్యన తనకంటూ ఒక చిన్న విండో తెరుచుకుని ఉండేది. పాఠకుడు వీడియో ఆపడానికి దానిమీద క్లిక్ చేస్తే ధ్యాస ఫ్లాష్‌కు పోయేది. ఆపైన కంట్రోల్‌తో కలిపి ఏ మీట నొక్కినా బ్రౌజరుకు చేరేది కాదు. కొత్త ట్యాబ్ తెరుచుకోదు, ఉన్నది మూతపడదు, చిరునామా పట్టీలోకి పోవడం కుదరదు. మౌసుతో పేజీలో ఖాళీ చోట క్లిక్ చేస్తేనే విడుదల. ఈ లోపం మొజిల్లా లోపాల పట్టికలో 2001లోనే నమోదై ఏళ్ల తరబడి అపరిష్కృతంగా నిలిచింది. మీట ముందు ఎవరికి చేరాలన్న విషయంలో బ్రౌజరుకూ ప్లగిన్‌కూ మధ్య పొందిక కుదరకపోవడం దాని సారాంశం.

మౌసు పట్టగలిగినవారికి ఇది చికాకు. చూపులేని పాఠకుడికి అది దారి మూసుకుపోవడమే. తెరను చదివి వినిపించే ప్రోగ్రాము ధ్యాస ఎక్కడుంటే అక్కడి సంగతే వినిపిస్తుంది. ధ్యాస చెరలో పడితే పాఠకుడూ చెరలో పడ్డట్టే. 2008 డిసెంబరులో వెలువడిన డబ్ల్యూ.సి.ఎ.జి. 2.0 అనే సౌలభ్య ప్రమాణం, మీటలతో లోపలికి వెళ్లగలిగిన చోటునుంచి మీటలతోనే బయటికి రాగలగాలని కనీస నియమంగా విధించడం గమనార్హం. ఈ ప్లగిన్ల పద్ధతిని క్రోమ్ 2015లో విడనాడింది. ఫైర్‌ఫాక్స్ 2017లో ఫ్లాష్ మినహా మిగిలినవాటిని వదిలింది. ఫ్లాష్‌కు అధికారిక మద్దతు 2020 డిసెంబరు 31తో ముగిసింది. ఒక విధంగా, సమస్య పరిష్కారం కాకముందే సమస్యకు మూలమైనది గతించింది.

తప్పించుకునే దారులు

ఈలోగా జనం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డెస్క్‌టాప్ తయారుచేసేవారు ఒక దారి కనిపెట్టారు. వాడుకరి చివరిసారి ఏ విండోలో మీట నొక్కాడో, ఆ సమయాన్ని ప్రతి విండో నమోదు చేస్తుంది. ఆ తరువాత వేరొక విండో ధ్యాస కోరితే, విండో మేనేజరు రెండు సమయాలనూ సరిపోల్చి, వాడుకరి వేరే పనిలో ఉన్నాడని తేలితే నిరాకరిస్తుంది. 2004లో వెలువడిన కె.డి.ఇ. 3.2లో ఈ ధ్యాస చోరీ నివారణ కనిపిస్తుంది. పూర్తిగా వదిలివేయడం మొదలు అత్యంత కఠినం వరకు దానికి మెట్లున్నాయి. మొజిల్లా బ్రౌజర్లలో కూడా స్క్రిప్టులు విండోలను పైకి తేకుండా ఆపే అమరిక వచ్చింది.

మౌసు జోలికే పోనివారు మరో దారి పట్టారు. వీ.ఐ. అనే పాత ఎడిటరులో ఆజ్ఞల స్థితి, రచనా స్థితి అని రెండుంటాయి. ఆ పద్ధతిని 2007లో విమ్పరేటర్ అనే ఉపకరణం ఫైర్‌ఫాక్స్‌కు తెచ్చింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఉపకరణాలను నిలిపివేసినప్పుడు అది కూడా ఆగిపోయింది. కొత్త తరహా ఉపకరణాలు పేజీలోపలే పనిచేస్తాయి. ధ్యాస చిరునామా పట్టీలో ఉన్నప్పుడు వాటికి మీటలు అందవు. ఈ పరిమితికి లోబడని బ్రౌజరే కావాలనుకున్నవారికి, 2014లో తొలిసారి విడుదలైన క్యూట్‌బ్రౌజర్ వంటివి ఆశ్రయమిచ్చాయి. పేజీ దిగగానే తనంతట తాను రాత పెట్టెలోకి ధ్యాస తెచ్చుకున్నా, ఆ బ్రౌజరు సహజ అమరికలో రచనా స్థితిలోకి మారదు. మారాలో వద్దో చదివే మనిషి చెప్పాలన్నది దాని ధోరణి.

గ్రంథాలయాల్లో, ప్రదర్శనశాలల్లో ఒక్క బ్రౌజరు మాత్రమే నడిచే కంప్యూటర్లు పెడుతుంటారు. అనవసరమని విండో మేనేజరును తీసివేసి ఎక్స్ మీద నేరుగా బ్రౌజరును నడిపితే చిత్రమైన ఫలితం కలుగుతుంది. పేజీ కనిపిస్తుంది, క్లిక్ పనిచేస్తుంది, కాని కొత్తగా తెరుచుకున్న విండోలో అక్షరం పడదు. ధ్యాస ఇచ్చేవారు లేరు కనుక పుచ్చుకునేవారు ఎదురుచూస్తూనే ఉంటారు. ఓపెన్‌బాక్స్ వంటి చిన్న విండో మేనేజరు ఒకటి చేరిస్తే చిక్కు తీరుతుంది. ఎక్స్‌డూటూల్ అనే ఉపకరణంతో కృత్రిమంగా ధ్యాస ఇప్పించే పద్ధతి కూడా ఉంది. వ్యవస్థ విధానం చెప్పకపోవడం అంటే ఏమిటో ఈ ఉదాహరణ తేటతెల్లం చేస్తుంది.

వేలాండ్: ఇచ్చేవారు ఒక్కరే

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ వేలాండ్ అనే కొత్త వ్యవస్థను ఆరంభించారు. దాని 1.0 రూపం 2012లో వెలువడింది. ఇందులో తెర మొత్తాన్ని కూర్చే కంపోజిటరు ఒక్కటే ధ్యాస ఇవ్వగలదు. ధ్యాస వచ్చిందని, పోయిందని ప్రోగ్రాములకు కబురు మాత్రం అందుతుంది. లాక్కునే ఆదేశం లేదు. ఒకరి మీటలను మరొకరు వినే వీలూ లేదు. మెనూ తెరిచి ఉన్నా తెరకు తాళం పడుతుంది. 2016 నవంబరులో ఫెడోరా 25 దీన్ని సహజ అమరికగా స్వీకరించింది. 2023 డిసెంబరులో ఫైర్‌ఫాక్స్ 121 కూడా వేలాండ్ ఉన్నచోట నేరుగా దానిమీదే నడవసాగింది.

ఎక్స్‌లో ఎవరైనా తీసుకోగలగడం సమస్య అయితే, ఇక్కడ అర్హులైనవారికి కూడా అందకపోవడం కొత్త సమస్య అయింది. ఉత్తరంలోని లంకె నొక్కితే వెనక ఉన్న బ్రౌజరులో పేజీ తెరుచుకుంటుంది, బ్రౌజరు మాత్రం ముందుకు రాదు. విండో సిద్ధంగా ఉందన్న సూచన మాత్రం కనిపిస్తుంది. 2021లో దీనికొక ఒప్పందం కుదిరింది. లంకె నొక్కించుకున్న ప్రోగ్రాము కంపోజిటరు నుంచి ఒక చీటీ తీసుకుని బ్రౌజరుకు అందిస్తుంది. ఆ చీటీ చూపితే ధ్యాస లభిస్తుంది. చీటీ పుట్టుకకు వాడుకరి చేసిన పనే ఆధారం. ఎక్స్‌డూటూల్ వంటి పాత చిట్కాలు మాత్రం వేలాండ్ విండోల దగ్గర పారవు.

తెలుగు రాతకు కలిగే నష్టం

ఇంగ్లీషు రాసేవారికి ధ్యాస తప్పితే ఒక అక్షరం వేరేచోట పడుతుంది. అంతటితో సరి. మన లిపిలో ఒక అక్షరమే అనేక మీటల కూర్పు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో స్త్రీ అని రాయాలంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు మీటలు నొక్కాలి. ఐదో మీట తరువాత పేజీ ధ్యాసను లాక్కుంటే స్త్ర ఒకచోట మిగిలి, గుడి మరొకచోట ఆధారం లేకుండా, చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది.

ధ్వనిననుసరించి రోమన్ మీటలతో రాసే పద్ధతులలో చిక్కు మరొక తీరుగా ఉంటుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. ఇటువంటిదే. లినక్స్‌లో ఎం17ఎన్ అనే గ్రంథాలయం ద్వారా ఆర్.టి.ఎస్., ఇన్‌స్క్రిప్ట్, పోతన మొదలైన తెలుగు పద్ధతులు ఐబస్ ఉపకరణంలో లభిస్తాయి. రోమన్ పద్ధతిలో అక్షరం పూర్తయ్యేవరకు అది కూర్పు దశలో, గీత కింద ఉంటుంది. ధ్యాస మారితే ఆ సగం అక్షరాన్ని ఉన్నది ఉన్నట్టు పేజీకి అప్పగించాలా, చెరిపివేయాలా? ఐబస్ ఈ రెండు మార్గాలనూ అనుమతిస్తుంది, ఎంపిక ఆయా పద్ధతి తయారుచేసినవారిది. తరువాత నొక్కిన అచ్చు మాత్రం కొత్త చోట గుణింతంగా కాక స్వతంత్రమైన ఈ అక్షరంగా పడుతుంది. రాసినవారికి ఇది వర్ణక్రమ దోషంగా కనిపిస్తుంది.

మన విద్యార్థులకు మూడో చిక్కు కూడా ఉంది. బళ్లారి విద్యార్థి తెలుగుతోపాటు కన్నడం, హోసూరు విద్యార్థి తమిళం, బరంపురం విద్యార్థి ఒడియా, షోలాపురం విద్యార్థి మరాఠీ అదే కీబోర్డుతో రాస్తారు. ఏ విండోలో ఏ భాష వాడుతున్నామో విడివిడిగా గుర్తుంచుకునే అమరిక గ్నోమ్, కె.డి.ఇ. డెస్క్‌టాప్‌లలో ఉంది. కాని బ్రౌజరు ఎన్ని ట్యాబులు తెరిచినా బయటి అంచెకు అది ఒకే విండో. ఒక ట్యాబులో తెలుగు వ్యాసం, పక్క ట్యాబులో కన్నడ దరఖాస్తు ఉంటే ఆ భేదం డెస్క్‌టాప్‌కు తెలియదు. మొజాయిక్ కాలంలో ఏర్పడిన రెండంచెల పంపకమే ఇక్కడా అడ్డు. ఒక్కో భాషకు ఒక్కో బ్రౌజరు విండో వేరుగా తెరుచుకోవడం సులభమైన ఉపాయం.

ఇంకొన్ని ఉపాయాలు కూడా విద్యార్థులు అలవరచుకోవచ్చు. ధ్యాస ఎక్కడుందో తెలియనప్పుడు కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే అది చిరునామా పట్టీకి చేరుతుంది. అక్కడినుంచి ఎఫ్6 మీటతో పేజీలోకి రావచ్చు. పేజీ పూర్తిగా దిగేవరకు రహస్యపదం మొదలుపెట్టకపోవడం మంచిది. పొడవైన తెలుగు రచనను బ్రౌజరు పెట్టెలో కాక ఎడిటరులో రాసి తరువాత అతికించడం మరీ క్షేమం.

ఉపాయాలు ఉపాయాలే. ఎక్స్ యుగంలో ధ్యాసను ఎవరైనా తీసుకోగలిగారు, వేలాండ్ యుగంలో ఒక్కరే ఇస్తున్నారు. విండోల మధ్య తగవు చాలావరకు తీరింది. విండో లోపల, పేజీకీ పాఠకుడికీ మధ్య తగవు మాత్రం అట్లాగే ఉంది, అక్కడ ఇప్పటికీ స్క్రిప్టుదే పైచేయి. సగం పూర్తయిన అక్షరాన్ని ఏంచేయాలన్న ప్రశ్న కూర్పు లిపులు రాసేవారిది. దాన్ని వారే నమోదు చేయాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో లోపాల పట్టికలు అందరికీ తెరిచే ఉంటాయి. ఏ పద్ధతిలో, ఏ పేజీలో, ఎన్నో మీట దగ్గర అక్షరం విరిగిందో స్పష్టంగా రాసి పంపడం భాషా విద్యార్థి చేయదగిన పని. అందుకు ప్రోగ్రామింగు రానక్కరలేదు, స్త్రీ అన్న మాటలో ఎన్ని వర్ణాలున్నాయో తెలిస్తే చాలు.